మంగోలుల యుద్ధం గురించి పిల్లలు తప్పుగ రాస్తున్న మాటలు: తెలిసినోళ్లు జర సరిచేయండి

పానగల్లు చెరువు అడిగిన ప్రశ్న

అందరికి నమస్తే. నల్లగొండల డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు వచ్చే వారం మంగోలుల దండయాత్రల మీద గంటన్నర క్లాసు ఉన్నది. ఈ సంగతి మీద మీకు తెలిసింది ఒక పేజీల రాయుండ్రి అని ముందుగాలనే అడిగిన. వచ్చిన కాయితాలల్ల కొన్ని మాటలు మల్ల మల్ల కనవడ్డయి.

లెక్కలేనంత మంది ఉండిరి కాబట్టి గెలిచిన్రని సగం మంది రాసిన్రు. గుర్రాల మీద తిరిగేటోళ్లు, కోటలు పట్టుడు వాళ్లకు రాదని కొందరు. చెంగీజ్ ఖాన్ ముస్లిం అని చానా మంది. పోయిన ప్రతి ఊరిల ఒక్క మనిషిని మిగల్చలేదు, నడి ఆసియాల మెర్వ్ అనే ఒక్క ఊర్లనే 13 లక్షల మందిని చంపిన్రని ఇంకొందరు. 1260ల ఐన్ జాలూత్ యుద్ధం దాకా ఓటమే ఎరగరట. ఆఖరుది నాకు ముఖ్యం: మంగోలులు హిందుస్థాన్ దిక్కు రానే లేదు, వాళ్లతోని తెలంగాణకు ఏ సంబంధం లేదు అని.

నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం సంగతి ఈ పిల్లలు చదివిన్రు. రుద్రమదేవి చనిపోయిన ముచ్చట చెప్పే శాసనం, 1289 నవంబర్ నాటిది. అప్పటికి చెంగీజ్ మనుమడు కుబ్లాయ్ ఖాన్ ఇంక బతికే ఉన్నడు. రెండు ఒకే కాలం అన్న సోయి పిల్లలకు లేదు. "అది తప్పు" అని ఊకె చెప్తే తలకెక్కదు. అంకెలు కావాలె, పని ఎట్ల నడిచిందో కావాలె, ఎక్కడ బెడిసికొట్టిందో, ఎందుకో కావాలె. ఎవరికి ఏది బాగ తెలిస్తే అది రాయండి.

కోయిలకొండ గట్టు

సార్, నేను మొదటి మాట పట్టుకుంట, ఎందుకంటే మిగిలిన తప్పులు దానికెల్లే పుడతయి.

"హోర్డ్" అనే ఇంగ్లీషు మాటకు గుంపు అని అర్థం చెప్పుకొని మనం మోసపోతున్నం. దాని మూలం "ఓర్దు". అంటే ఖాన్ డేరా, దండు విడిది. మన దగ్గర మాట్లాడే ఉర్దూకు పేరు వచ్చింది గూడ గా మాటకెల్లే. ఇంకోటి చెప్పుండ్రి పిల్లలకు: "నౌకరు" అన్న మాట మంగోలు "నోకోర్" నుంచి ఫార్సీలకు, ఫార్సీకెల్లి మనకు వచ్చింది. నోకోర్ అంటే నాయకుని ఎంబడి నమ్మకంగ ఉండే అనుచరుడు. "బహదూర్" గూడ అక్కడిదే, "దరోగా" గూడ అక్కడిదే. నిజాం కాలం కాయితాలల్ల దరోగా మాట చూసినోళ్లకు ఇది గమ్మతిగ అనిపిస్తది.

ఇగ లెక్క. 10 మందికి ఒక అర్బన్, 10 అర్బన్లకు ఒక జగూన్, అంటే 100. 10 జగూన్లకు మింగన్, 1,000. 10 మింగన్లకు తుమెన్, 10,000. 1206ల తెముజిన్‌ను చెంగీజ్ ఖాన్ అని ప్రకటించిన కురుల్తాయ్ (తెగల పెద్ద సభ) నాడు 95 మింగన్లు ఏర్పాటు చేసిన్రు. 1227ల ఆయన చనిపోయేటాళ్లకు దండు 1,29,000 అని పర్షియా చరిత్రకారుడు రషీదుద్దీన్ లెక్క. ఎటు చూసిన గింతే. ఇందుల నుంచే చైనా ఎల్లల్ల కొంత, నడి ఆసియాల కొంత, ఇంటి కాడ కొంత. తుమెన్ అంటే కాయితం మీద 10,000, మైదానంల చానా సార్లు తక్కువనే ఉండేది. అయితే మనిషికి మూడు నుంచి ఐదు గుర్రాలుండె. దూరంకెల్లి చూసేటోనికి 10,000 మంది 40,000 లెక్క కనవడ్తరు. పైగ ఖాళీ గుర్రాల మీద నమ్దా (ఒత్తిన ఉన్ని) బొమ్మలు కూసోబెట్టిన సంగతి గూడ రాసి ఉన్నది. శత్రువు రాసిన అంకెలు పెద్దగ ఉండుటానికి ఇదొక కారణం.

గుంపు పెద్దగైతే గెలుపు కాదు, గండం. లెక్క బోర్డు మీద వేసి చూపియ్యుండ్రి. మంగోలు గుర్రం పొట్టిది, భుజం దాక 120 నుంచి 140 సెంటీమీటర్లు, బరువు సుమారు 300 కిలోలు. గుర్రం రోజుకు తన బరువుల 2 శాతం ఎండుమేత తింటదనుకుంటే 6 కిలోలు. ఒక తుమెన్, మనిషికి 5 గుర్రాలు, అంటే 50,000 గుర్రాలు. రోజుకు 300 టన్నుల మేత. ఒక్కోదానికి 25 లీటర్ల చొప్పున 12.5 లక్షల లీటర్ల నీళ్లు. ఎకరానికి 400 కిలోల ఎండుగడ్డి దొరికే బీడు అనుకుంటే దినానికి 750 ఎకరాలు నాకేస్తది. మూడు తుమెన్లు ఒక్కతాన వారం ఉంటే 15,000 ఎకరాల పైన. అందుకే వాళ్లు ఎన్నడు ఒక్క బాటన పోలె. వేరే వేరే బాటల చీలిపోయి, అనుకున్న దినానికి అనుకున్న కాడ కలిసేటోళ్లు. చీలిపోయిన దళాలను మల్ల కలుపుడే వాళ్ల అసలు విద్య. గా కబురు మోసుకపోయేటందుకు దండు నడుమ రౌతులు, రాజ్యం నడుమ యామ్ అనే గుర్రాల మజిలీలు ఉండె.

మనిషి తిండి సంగతి గూడ ఒక్క ముక్క. మార్కో పోలో చెప్పిన లెక్క: మనిషికి 10 పౌండ్ల ఎండుపాల పొడి, అంటే నాలుగున్నర కిలోలు. పొద్దుగాల అర పౌండు తోలుసంచిల నీళ్లతో పోసుకొని ఎక్కితే, గుర్రం నడకకు సంచి ఊగి పాలు గట్టిపడి జావ అయితది. పొద్దూకితె దాన్నే తాగుడు. బండ్లు, పొయ్యి, పొగ ఏది లేదు. గీ లెక్కన 20 దినాలు. ఈనిన ఆడగుర్రాల పాలు దొరికితే ఇంక ఎక్కువ.

మూసీ ఒడ్డు

కోటలు పట్టుకోవడం రాదన్న మాటలో ఒక ముక్క నిజం ఉంది, కాకపోతే అది 1209 వరకే. కాబట్టి పిల్లలకు దీన్ని తప్పు అని కొట్టేయకుండా, ఎట్లా నేర్చుకున్నారో చెప్పండి.

1209లో చైనా వాయవ్యాన ఉన్న షీషియా రాజ్యపు రాజధాని మీదికి పోయారు. నేటి యిన్‌చువాన్ ఊరది. గోడ ఎక్కలేకపోయారు. పసుపునదికి అడ్డకట్ట వేసి నీళ్లను ఊరి మీదికి మళ్లించారు. కట్ట తెగి వాళ్ల విడిదే మునిగింది. నల్లగొండ పిల్లలకు ఇది వివరించడం సులువు. చెరువు కట్ట వేసేటప్పుడు మన్ను పొరలు పొరలుగా పోసి తొక్కించాలి, అలుగు వదలాలి, తూము పెట్టాలి. తొందరలో పోసిన మన్ను నానితే గండి పడుతుంది. చదునైన నేల మీద గండిపడ్డ నీరు శత్రువెవరో చూడదు, పల్లం చూస్తుంది. ఆ ఏడు సంధితో సరిపెట్టుకున్నారు.

తర్వాత చేసిన పని అన్నిటికంటే తెలివైనది. పట్టుకున్న ప్రతి ఊరిలో వడ్రంగులను, కమ్మరులను, యంత్రాలు చేసేవాళ్లను చంపకుండా విడిగా నిలబెట్టి వెంట తీసుకుపోయారు. 1215లో జుంగ్‌దూ, అంటే నేటి బీజింగ్, ఆకలితో లొంగింది. అక్కడి నుంచి చైనా పనివాళ్లు దండులో భాగమయ్యారు.

1219 చివర్లో నడి ఆసియాలోని ఖ్వారజ్మ్ రాజ్యం మీదికి వచ్చేసరికి పద్ధతి స్థిరపడింది. మొదట చుట్టుపక్కల పల్లెలు, చిన్న ఊళ్లు పట్టుకోవడం. అక్కడి మగవాళ్లను తోలుకొచ్చి కందకం పూడ్చే పనికి పెట్టడం. ఈ బందీల దండును "హషర్" అనేవాళ్లు. గోడ మీదివాళ్లు బాణాలు వేస్తే ముందు తగిలేది వీళ్లకే, తమ సొంత మనుషులకే. తర్వాత రాళ్లు రువ్వే యంత్రాలు వరసగా నిలపడం, రాత్రింబవళ్లు వంతుల మీద కొట్టడం. లోపలివాళ్లకు నిద్ర ఉండదు, బయట దండు మాత్రం వంతుల వారీగా పడుకుంటుంది. ఇది క్రూరమైన పద్ధతి, దాన్ని అట్లాగే చెప్పాలి. అయినా అన్ని కోటలూ త్వరగా పడలేదు. ఒత్రార్ అయిదు నెలల దాకా నిలిచింది. బుఖారా, సమర్‌ఖంద్ 1220లో కొద్ది రోజుల్లోనే పోయాయి.

రాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే పుస్తకాల్లో యంత్రం బొమ్మ ఉంటుంది గాని రాయి ఎక్కడిదని ఎవరూ అడగరు. నదుల మైదానంలో రాయి దొరకదు. 1221లో గుర్గంజ్ దగ్గర రాళ్లు లేక మల్బరీ చెట్ల మొద్దులు నరికి, నీళ్లలో నానబెట్టి బరువెక్కించి రువ్వారు. 1222 ప్రాంతంలో ముల్తాన్ మీదికి వచ్చిన దళం తెప్పలు కట్టి వాటి మీద రాళ్లు నింపి నదిలో కిందికి తేల్చుకొచ్చింది. యంత్రాలు పని చేశాయి, గోడ కొంత కూలింది, కాని ఎండ భరించలేక ముట్టడి వదిలి వెళ్లారు. 1258లో బాగ్దాద్ దగ్గరా అదే తంటా. జబల్ హమ్రీన్ కొండల నుంచి రాళ్లు మోయించారు, ఖర్జూరపు మొద్దులు కూడా రువ్వారు. జనవరి 29న మొదలైన ముట్టడి ఫిబ్రవరి 10న ఖలీఫా లొంగిపోవడంతో ముగిసింది.

యంత్రాల్లో రెండు రకాలున్నాయి, వీటిని కలిపేయొద్దు. పాతది మనుషులు తాళ్లు లాగితే ఎగిరేది. పదుల మంది, పెద్దదానికి వంద పైన మనుషులు కావాలి. అందరూ ఒక్కసారి లాగకపోతే రాయి పక్కకు పోతుంది, ఒక్కోసారి సొంతవాళ్ల మీదే పడుతుంది. కొత్తది ఒక కొసకు పెద్ద బరువు కట్టిన మంజనీకు. బరువు ఎప్పుడూ ఒక్కటే కాబట్టి ప్రతి దెబ్బా దాదాపు అదే చోట పడుతుంది. గోడ కూలేది ఇట్లా ఒకే చోట పడితేనే. దక్షిణ చైనాలోని సుంగ్ రాజ్యపు షియాంగ్‌యాంగ్ కోట 1268 నుంచి అయిదేళ్లు పాత యంత్రాలకు లొంగలేదు. పర్షియా వైపు నుంచి ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు నిపుణులను కుబ్లాయ్ పిలిపించాడు. వాళ్లు కట్టిన యంత్రం చైనా తూకంలో 150 జిన్‌ల రాయిని, అంటే 90 కిలోల దాకా, విసిరింది. ఎదుటి ఒడ్డున ఉన్న ఫాన్‌చెంగ్ ముందు పడింది, 1273లో షియాంగ్‌యాంగ్ లొంగింది.

మందుగుండు మంగోలులే కనిపెట్టారని కూడా ఎవరైనా రాసి ఉంటారు. కాదు. 1232లో కైఫెంగ్ ముట్టడిలో ఉత్తర చైనా జిన్ రాజ్యపు సైనికులే ఇనుప బాంబులు మంగోలుల మీద వేశారు. తర్వాత అవి మంగోలుల చేతికొచ్చాయి. జపాన్ దండయాత్రకు తెచ్చిన మట్టి బాంబులు తకషిమా దగ్గర సముద్రం అడుగున దొరికాయి.

దేవరకొండ చదువరి

మతం సంగతి నేను చెప్తాను. చిన్నదే. "ఖాన్" బిరుదు, మతం కాదు, ఇంటిపేరు కాదు. చెంగీజ్ ఖాన్ కొలిచింది తెంగ్రిని, నీలాకాశాన్ని. బాగ్దాద్ ఖలీఫాను చంపించిన చెంగీజ్ మనుమడు హులాగు ముస్లిం కాదు. ఆయన తల్లి సోర్ఖఖ్తానీ, పెద్ద భార్య దోకుజ్ ఖాతూన్ క్రైస్తవులు. పర్షియా మంగోలుల్లో ఘాజాన్ 1295లో ఇస్లాం తీసుకున్నాడు, అక్కడి నుంచి ఆ రాజ్యం ముస్లిం రాజ్యమైంది.

మొఘలులూ మంగోలులూ ఒక్కటే అన్న మాటా వస్తుంది. బాబర్ తండ్రి వైపు తైమూర్ సంతతి. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానుమ్ వైపు చెంగీజ్ సంతతి. 1526 పానిపట్‌కూ 1221 సింధు ఒడ్డుకూ మధ్య 300 ఏళ్లున్నాయి.

చైనా మహాకుడ్యాన్ని దూకి వచ్చారని బొమ్మలు వేస్తారు. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే ఇటుక, రాతి గోడ మింగ్ వంశం కట్టింది. ఆ వంశం 1368లో మంగోలులను వెళ్లగొట్టాకే వచ్చింది.

చందుపట్ల బాట

మెర్వ్ అంకె గురించి. 13 లక్షలని రాసింది పర్షియా చరిత్రకారుడు జువైనీ. శవాలు లెక్కపెట్టడానికి 13 రోజులు పట్టిందని కూడా రాశాడు. అంటే రోజుకు లక్ష. గోడ లోపలి ప్రధాన నగరం విస్తీర్ణం సుమారు 400 హెక్టార్లు, దాదాపు 1,000 ఎకరాలు. 13 లక్షల మంది అందులో ఉండాలంటే ఎకరానికి 1,300 మంది. వాకిళ్లూ బజార్లూ మసీదులూ తీసేస్తే, మనిషికి మూడు చదరపు మీటర్ల జాగా కూడా మిగలదు. పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్లను కలిపినా అంత కాదు. నిషాపూర్‌కు 17 లక్షలనీ, హెరాత్‌కు 16 లక్షలనీ, 24 లక్షలనీ రాసినవి కూడా ఇట్లాంటివే.

కాని ఇక్కడ ఇంకో తప్పు జరుగుతుంది, అది మొదటిదాని కంటే చెడ్డది. అంకె పెంచి రాశారని తేలగానే, మారణకాండే కట్టుకథ అనేస్తారు. కాదు. మెర్వ్ జనం నిజంగానే ఊచకోతకు గురయ్యారు. ఆ ఊరు మళ్లీ తన పాత స్థాయికి రాలేదు. బాగ్దాద్‌లో రెండు లక్షల పైన చంపామని హులాగు తానే ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకి 1262లో రాయించిన ఉత్తరంలో ఉంది. అదీ గొప్ప చెప్పుకోవడానికే. పిల్లలకు అంకెను అనుమానించడం నేర్పండి, చనిపోయిన మనుషులను అనుమానించడం కాదు.

"ప్రతి ఊరిలో అందరినీ" అన్నదానికి హెరాత్ మంచి జవాబు. 1221లో మొదటిసారి లొంగినప్పుడు చెంగీజ్ కొడుకు తొలూయ్ అక్కడి సైనికులను చంపించి ఊరి జనాన్ని వదిలేశాడు. తర్వాత ఊరు తిరగబడింది. 1222లో రెండోసారి పట్టినప్పుడు మిగల్చలేదు. లొంగితే పన్ను, మనుషులు, గుర్రాలు ఇచ్చి బతకొచ్చు. మాట తప్పితే ఊరే ఉండదు. ఈ కబురు దండు కంటే ముందు పక్క ఊరికి చేరాలి, వాళ్లకు కావలసింది అదే. పనివాళ్లను ఏరి పక్కకు తీసేవాళ్లని మూసీ ఒడ్డు గారు పైన చెప్పారు కదా, అందర్నీ చంపితే ఆ పనివాళ్లెక్కడి నుంచి వస్తారు?

పానగల్లు చెరువు

చానా సంతోషం. మెర్వ్ లెక్క బోర్డు మీద వేస్త. పారిపోయినట్టు నటించి మల్లుడు, విల్లు సంగతి, ఓటముల సంగతి ఇంక ఎవరు ముట్టలేదు. విల్లు 500 మీటర్లు పోతదని ఒక పిల్లగాడు రాసిండు. అది నిజమేనా?

కోయిలకొండ గట్టు

సార్, నిజమే, గని యుద్ధంల కాదు. చెంగీజ్ తమ్ముని కొడుకు యిసుంగె 335 ఆల్దుల దూరం బాణం వేసిండని రాయి మీద చెక్కి ఉన్నది. ఆల్దు అంటే చేతులు బారజాపితే ఎంతో అంత. ఆ లెక్కన 500 మీటర్లు దాటుతది. అందరు వేస్తే దాన్ని రాయి మీద ఎందుకు చెక్కుతరు? పోటీల తేలికపాటి బాణం ఎంత దూరం పోతదన్నది వేరు, కవచం తొడిగిన మనిషిని పడగొట్టుడు వేరు. కవచం చీల్చాలంటే బాగ దగ్గరికి రావాలె. దూరంకెల్లి వేసే బాణాలు వరసను చెదరగొట్టెటందుకు, గుర్రాలను బెదరగొట్టెటందుకు.

విల్లు నడుమ కట్టె, లోపలి దిక్కు కొమ్ము, బయటి దిక్కు పశువు నరాల పీచు, మీద బూర్జ చెట్టు బెరడు. అన్నిటిని అతికేది చేప బంక. అది మెల్లగ ఆరాలె, మంచి విల్లు తయారైతందుకు ఏడాది దాకా పట్టేది. తేమ పట్టిందంటే బంక మెత్తబడి విల్లు సత్తువ పోతది. ఈ ముక్క యాది పెట్టుకోండి, మన నేల ముచ్చట కాడ పనికొస్తది.

బాణాల లెక్క గూడ వేయుండ్రి. మనిషి దగ్గర 60 బాణాలు అనుకోండి. నిమిషానికి 6 వేస్తే 10 నిమిషాలల్ల పొది ఖాళీ. దినమంతా బాణాల వాన కురిపించిన్రంటే వంతులు వేసుకొని వేసినట్టు, ఎనుకకెల్లి కొత్త పొదులు అందుతున్నట్టు. 1246ల మంగోలుల దగ్గరికి పోయిన పోప్ దూత కార్పిని రాసిండు, ఒక్కొక్కనికి రెండు మూడు విల్లులు, మూడు పొదులు, ఒక గొడ్డలి, యంత్రాలు గుంజుటానికి తాళ్లు ఉండాలె అని. బాణం ములుకులు సానబట్టే ఆకురాయి గూడ పొదిలనే.

పారిపోయినట్టు నటించుడు మోసం కాదు, గుర్రాల లెక్క. 1223 మే 31 నాటి కల్కా నది యుద్ధం చూడండి. మంగోలు సేనాపతులు జెబె, సుబుతాయ్ తొమ్మిది దినాలు ఎనుకకు పోయిన్రు. మంగోలు రౌతు గుర్రం మార్చుకుంటడు, ఎంటవడ్డ రష్యా రౌతుకు ఉన్నదొక్కటే గుర్రం. తొమ్మిది దినాలకు ముందట పోయిన దళానికి, ఎనుకబడ్డ దళానికి నడుమ చానా దూరం వచ్చింది. గప్పుడు మల్లిన్రు. ముందున్న కుమాన్లు, రష్యాతోని కలిసిన గడ్డినేల తెగోళ్లు, చెదిరి ఎనుకకు ఉరికి, తమ దిక్కోళ్ల వరసనే తొక్కేసిన్రు. 1241 ఏప్రిల్ 11న హంగరీల మోహి కాడ గూడ ఇదే తెలివి, గని తిప్పి వాడిన్రు. విడిదిని చుట్టుముట్టి ఒక దిక్కు బాట ఇడిచిపెట్టిన్రు. బాట దొరికిందని హంగరీ దండు చీలి ఉరికింది, ఎంటవడి ఆ బాట పొడుగునే చంపిన్రు. బాట లేకుంటే వాళ్లు చచ్చేదాకా కొట్లాడేటోళ్లు.

ఇది ఎప్పుడు పనిచేయదంటే, ఎదుటోడు ఎంటవడకుంటే.

మూసీ ఒడ్డు

ఆ చివరి మాటకు పర్వాన్ సాక్ష్యం. ఓటమి అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1221లో నేటి అఫ్ఘానిస్తాన్‌లోని పర్వాన్ దగ్గర ఖ్వారజ్మ్ సుల్తాన్ జలాలుద్దీన్ తన రౌతులను దింపి, కళ్లేలు చేత పట్టుకుని నేల మీద నిలబడి పోరాడమన్నాడు. వెంటపడాలన్నా పడలేరు, వరస చెదరదు. రెండో రోజు మంగోలు సేనాపతి షిగి కుతుకు ఖాళీ గుర్రాల మీద నమ్దా బొమ్మలు కట్టి కొత్త దళం వచ్చినట్టు చూపించాడు. జలాలుద్దీన్ బెదరలేదు. మంగోలులు ఓడారు. అయితే గెలిచినవాళ్లు దోపిడీలో దొరికిన ఒక గుర్రం కోసం కొట్లాడుకుని సగం మంది దండు వదిలిపోయారు. అదే ఏడాది నవంబరులో చెంగీజ్ స్వయంగా వచ్చి సింధు ఒడ్డున జలాలుద్దీన్‌ను చుట్టుముట్టాడు. అతను గుర్రంతో సహా నదిలోకి దూకి ఈవలికి వచ్చాడు.

కాబట్టి 1260 సెప్టెంబర్ 3న ఐన్ జాలూత్‌లో జరిగింది మొదటి ఓటమి కాదు. దాని విలువ వేరు. అక్కడి మంగోలు సేనాపతి కిత్‌బుకా దగ్గర పెద్ద దండు లేదు, హులాగు ఎక్కువ దళాన్ని తీసుకుని వెనక్కి పోయాడు. సిరియాలో ఎండాకాలంలో అన్ని గుర్రాలకు మేత, నీళ్లు దొరకవు. మంగోలుల ఎత్తునే ఈజిప్టును ఏలే మమ్లూకులు మంగోలుల మీద వాడారు, సేనాపతి బైబర్స్ వెనక్కి లాగితే సుల్తాన్ కుతుజ్ దాచిన దళంతో మీదపడ్డాడు. ముఖ్యంగా, ఆ తర్వాత మమ్లూకులు సిరియాను నిలబెట్టుకున్నారు.

రష్యాలో 1238 మార్చిలో నోవ్‌గరోద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరం వరకు వచ్చి తిరిగిపోయారు. మంచు కరిగే కాలం, బురదలో గుర్రం దిగబడుతుంది. మేత లేకపోవడం, తేమ, బురద, ఎండ. వాళ్లు ఎక్కడ ఆగారో చూడాలంటే ఈ నాలుగూ చూడండి.

దేవరకొండ చదువరి

మనతో సంబంధం లేదన్న మాటకు వస్తాను. పానగల్లు సార్ అసలు అడిగింది అదే.

మంగోలులు 1241లో లాహోర్‌ను ధ్వంసం చేశారు. అలావుద్దీన్ ఖిల్జీ కాలంలో వరసగా వచ్చారు. 1299లో ఢిల్లీ దగ్గర కీలీలో జఫర్ ఖాన్ వాళ్లను తరుముకుంటూ పోయి, పారిపోయినట్టు నటించే ఎత్తులోనే చిక్కి చనిపోయాడు.

1303 వచ్చేసరికి అలావుద్దీన్ దండు రెండు చోట్ల ఉంది. ఒకటి తనతో చిత్తోడ్‌లో. రెండోది మాలిక్ జూనా, ఛజ్జూల వెంట తూర్పు బాటన ఓరుగల్లుకు పోయింది. ప్రతాపరుద్రుని మీదికి ఢిల్లీ నుంచి వచ్చిన తొలి దండు అదే. అది గెలవలేదు. వానలు అడ్డుపడ్డాయని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. ఉప్పరపల్లి దగ్గర కాకతీయ నాయకులు ఓడించారని మన వైపు సంప్రదాయం. రెండూ ఒకదాన్నొకటి కాదనవు. వానాకాలపు నేల మీద చిక్కిన రౌతుదళం ఎదురుదాడికి అనువైనదే.

ఆ దండు చాలా మందిని పోగొట్టుకుని వెనక్కి పోయింది. అదే సమయంలో తరఘాయ్ మంగోలు దండుతో ఢిల్లీ మీదికి వచ్చి యమున రేవులు పట్టుకున్నాడు. ఓరుగల్లు నుంచి తిరిగిపోయిన దండు రేవు దాటలేక కోల్, బరన్ దగ్గరే నిలిచిపోయింది. అవి నేటి అలీగఢ్, బులంద్‌షహర్. సుల్తాన్ చిత్తోడ్ నుంచి అలిసి వచ్చిన కొద్దిమందితో సిరి మైదానంలో కందకం తవ్వుకుని కూర్చున్నాడు. కందకం వెంట కొయ్య అడ్డుగోడ, ప్రతి భాగానికి కవచాలు తొడిగిన ఏనుగులు. మంగోలులు చుట్టూ తిరిగారు, బజార్లు దోచారు, కందకం మాత్రం దాటలేదు. లోపలివాళ్లు బయటికి రారు కాబట్టి వెంటపడేవాడే లేడు. రెండు నెలలకు వెళ్లిపోయారు.

ఆ రెండు నెలల భయం నుంచే అలావుద్దీన్ చేసినవన్నీ పుట్టాయి. సిరి కోట కట్టాడు, పడమటి కోటలు బాగుచేయించాడు. గుర్రాలకు ముద్ర, సైనికునికి హులియా, అంటే ఆనవాళ్ల పట్టీ. రౌతుకు ఏడాదికి 234 టంకాలు (వెండి నాణేలు), రెండో గుర్రం ఉంటే ఇంకో 78. ఆ జీతంతో బతకాలంటే ధర పెరగకూడదు, అందుకే గోధుమలు మణుగు ఏడున్నర జీతళ్లకు, అంటే చిల్లర నాణేలకు, కట్టేశాడు. 1305లో అమ్రోహా దగ్గర, 1306లో రావి ఒడ్డున మంగోలులను గట్టిగా ఓడించారు. రావి దండయాత్ర నడిపిన మాలిక్ కాఫూర్ 1309 చివర్లో బయల్దేరి 1310 మొదట్లో ఓరుగల్లు మట్టికోట ముందు డేరా వేశాడు. మంగోలుల కోసం పెంచిన దండు, ఆ సేనాపతే.

మంగోలు గుర్రం గోదావరి దాటలేదు. కాని 1303లో తరఘాయ్ ఇంకో ఏడాది ఆగి వచ్చి ఉంటే, ఢిల్లీకి ఆ గుణపాఠం అప్పుడే అంది ఉండకపోతే, ఓరుగల్లుకు ఎప్పుడు, ఎంత దండు వచ్చేదన్నది వేరే లెక్క. తెలంగాణ చరిత్ర చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేయడం నాకు ఎప్పుడూ బాధనిపిస్తుంది.

పానగల్లు చెరువు

కోల్, బరన్ సంగతి నాకు కొత్త. ఒక్కటే మిగిలింది, పిల్లలు తప్పక అడుగుతరు. వాళ్లే గనుక ఇటు దిగితే మన కోటలు ఆగేటియా?

మూసీ ఒడ్డు

జరగనిదాని మీద తీర్పు చెప్పలేం గాని, వాళ్ల పని పద్ధతి మన నేల మీద పెట్టి చూపించొచ్చు. ఓరుగల్లులో బయటిది మట్టికోట, లోపలిది రాతికోట. వెడల్పాటి మట్టి కట్ట రాయి దెబ్బను మింగేస్తుంది, పగలదు. కాఫూర్ దండు కందకం పూడ్చి దాని మీదికి ఎక్కింది. భువనగిరి వేరు. అది ఏకశిల, కొట్టడానికి గోడ కంటే బండే ఎక్కువ. అక్కడ పైనున్న గుండాల్లో నీళ్లు ఎన్ని నెలలు వస్తాయన్నదే లెక్క.

మేత చూడండి. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో వానలు పడ్డాక కార్తీకం దాకా గడ్డి ఉంటుంది. మాఘం దాటితే బీడు ఎండిపోతుంది. గడ్డి ఉన్న నెలల్లోనే విల్లు బంకకు తేమ, రేగడిలో గుర్రానికి దిగబాటు. నేల ఆరే నెలల్లో మేత లేదు. మధ్యలో దొరికేది రెండు మూడు నెలలు. అందుకే ఇక్కడి రాజులు సొంతంగా గుర్రాల మందలు పెంచలేక రేవుల నుంచి కొన్నారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవు వర్తకులకు అభయశాసనం వేయించింది రేవు వర్తకం సాగాలనే.

క్లాసుకు పటం గీస్తే ఢిల్లీ, కోల్, బరన్, చిత్తోడ్, ఓరుగల్లు అయిదూ ఒకే కాగితం మీద పెట్టండి. 1303లో ఏ దండు ఎక్కడుందో రంగు పెన్సిళ్లతో పిల్లలతోనే గీయించండి. యమునను మాత్రం మందంగా గీయించండి, రేవులు ఎవరి చేతిలో ఉన్నాయో దాని మీదే గుర్తు పెట్టాలి.